బాయి కాడికి రా

కిషన్‌కు ముప్పై ఏడేళ్లు. గోదావరిఖనిలో పుట్టాడు, బొగ్గు కార్మికుల క్వార్టర్లలో పెరిగాడు, ఆ క్వార్టర్ల వెనక వీధిలోనే అద్దె ఇంట్లో కాపురం పెట్టాడు. తండ్రి ఆగయ్య ముప్పై మూడేళ్లు బాయి దిగి బొగ్గు తీసినవాడు. ఈ ఊళ్లో బొగ్గు గనిని గని అని రాసేవాళ్లున్నారు గానీ అనేవాళ్లు లేరు. అది బాయి. నాయిన ఎక్కడికి పోయాడంటే బాయికి పోయాడు. ఎప్పుడొస్తాడంటే బాయి ఎక్కినాక వస్తాడు. తండ్రి తర్వాత తానూ ఆ బాయే దిగుతానని కిషన్ చిన్నప్పుడే తేల్చేసుకుని పుస్తకాల జోలికి పెద్దగా పోలేదు. ఆగయ్య ఉద్యోగం దిగిపోయే నాటికి ఆ కొలువు కొడుక్కిచ్చే వయసు దాటిపోయింది.

ఆ కొలువు కోసం చూస్తూనే చౌరస్తా దగ్గర జిరాక్స్ షాపు పెట్టి పదకొండేళ్లు నడిపాడు. జనం కాగితాలన్నీ ఫోన్లలోకి ఎక్కించుకున్నాక ఈగలు తోలుకోవడం తప్ప పని లేకుండా పోయింది. పోయిన దసరా వెళ్లాక షట్టరు దించేశాడు.

ఊరంతా సామాన్లు కొంటోంది. ఫ్రిజ్‌లు, బీరువాలు, కూలర్లు, మంచాలు మోసుకుంటూ వీధికి నాలుగు వ్యాన్లు తిరుగుతున్నాయి. లైసెన్సు ఇరవై రెండో ఏటే తీసుకున్నాడు, బావమరిది కారు నడిపిన అలవాటుంది. వ్యాన్ నడపడం ఎంత పని అనుకున్నాడు. నడపడం పెద్ద పని కాదు. నడపడానికి ఒకడు బండి ఇవ్వడమే పెద్ద పని అని నెల తిరిగేసరికి తెలిసింది.

పెద్దపల్లిలో ఒకాయన కుర్చీలోంచి లేవకుండానే ఎక్స్‌పీరియన్స్ ఎన్నేళ్లని అడిగాడు. నస్పూర్‌లో ఇంకొకాయన కనీసం రెండేళ్లుండాలన్నాడు. మంచిర్యాలలో మూడో ఆయన మర్యాదస్తుడు, టీ తాగించి మరీ చెప్పాడు, ముందు ఎక్కడైనా రెండేళ్లు చేసి రమ్మని. ఆ ఎక్కడైనా అనే చోటు ఎక్కడుందో మాత్రం చెప్పిన పాపాన పోలేదు. అనుభవం లేనిదే బండి ఇవ్వరు, బండి ఇవ్వనిదే అనుభవం రాదు. తల్లి కడుపులోంచి వ్యాన్ నడుపుకుంటూ వచ్చినవాడు ఎవడైనా ఉన్నాడా అని కిషన్ ఇంటికొచ్చి గోడలతో పోట్లాట పెట్టుకునేవాడు. గోడలు వినేవి గానీ భార్య యమున వినేది కాదు.

"నా మీద మొత్తుకుంటె ఏమొస్తది? ఆళ్ల ముంగట మొత్తుకో పోయి" అనేది ఆమె, చాటలోంచి తల ఎత్తకుండా.

కామేశ్వరరావు దగ్గరికి పంపింది కూడా ఆమే. ఆయనకు చౌరస్తాకు ఇవతల గృహోపకరణాల షాపు, దాని వెనక గోడౌన్, రెండు వ్యాన్లు ఉన్నాయి. తండ్రి ఎప్పుడో కోస్తా నుంచి ఇంజనీరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. కామేశ్వరరావు పుట్టి పెరిగిందంతా ఇక్కడే అయినా మాట మాత్రం ఇంట్లో నేర్చిందే. మే నెల మొదట్లో ఆయన డ్రైవర్లలో ఒకడు చెప్పాపెట్టకుండా మానేశాడు. రామగుండం ఎండకు ఊరు ఊరంతా కూలర్ల కోసం ఆయన షాపు మీద పడి ఉంది. ఆ అవసరమే కిషన్‌కు కలిసొచ్చింది.

"చూడు నాయనా, అనుభవం లేనివాణ్ణి బండెక్కించడం నాకు సుతరామూ ఇష్టం లేదు" అన్నాడు కామేశ్వరరావు. "సీజన్ కాబట్టి చూస్తున్నాను. ఏడు రోజులు. ఈ ఏడు రోజుల్లో నువ్వు తీసుకెళ్లిన సామాను ఒక్కటి తిరిగి గోడౌన్‌కి వచ్చిందా, తాళం ఈ టేబుల్ మీద పెట్టేసి వెళ్లిపో. రాలేదా, ఎనిమిదో రోజు నుంచి బండి నీదే. సరేనా?"

సరే అనక ఏం చేస్తాడు. అంతమందిని అడిగితే తాళం చేతికిచ్చినవాడు ఈయనొక్కడే.

మొదటి రోజే బండి తన గుణం చూపించింది. ఖాళీగా ఉన్నప్పుడు ఒకలా, బరువెత్తాక ఇంకొకలా తిరుగుతుంది. బ్రేకు తొక్కితే వెనక బీరువా ఒక మాట తనదీ చెబుతుంది. అద్దంలో చూసి వెనక్కి తీయడమంటే ఎడమ చేతితో రాసినట్టుంది. రెండో రోజు తాడు వదులై పరుపు రోడ్డు మీద పడితే వెనక వస్తున్న బస్సు డ్రైవర్ తిట్టిన తిట్లు ఆగయ్య చెవిన పడితే ఆ బస్సును కదలనిచ్చేవాడు కాదు. మూడో రోజు ఒక సందులో ఇరుక్కుని ముప్పావుగంట చెమటలు కక్కాడు. తాడు ఎలా బిగించాలో, ఫ్రిజ్‌ను ఎందుకు పడుకోబెట్టకూడదో, మూడో అంతస్తుకు వాషింగ్ మెషిన్ ఎక్కించేటప్పుడు కింద ఎవరుండాలో రెండో వ్యాన్ నడిపే శ్యామ్ చెప్పేవాడు. శ్యామ్ వాళ్లదీ కోస్తా కుటుంబమే. వయసులో కిషన్ కంటే చిన్న, బండి మీద మాత్రం తొమ్మిదేళ్లు. విసుక్కోకుండా చెప్పేవాడు, అదీ కిషన్‌కు కాస్త మంటగానే ఉండేది.

పడుతూ లేస్తూ ఆరు రోజులు గడిచాయి. ఒక్క సామాను కూడా వెనక్కి రాలేదు.

ఏడో రోజు మొదటి డెలివరీ పెద్ద కూలరు. బిల్లు మీద ఎల్లేశం అని పేరు, సెంటినరీ కాలనీ దగ్గర, రామగిరి మండలం అని అడ్రసు, ఒక ఫోన్ నంబరు ఉన్నాయి. ఊరి పేరు రాయడానికి బిల్లు రాసినవాడికి చేతులు రాలేదు. తొమ్మిదిన్నరకు కిషన్ ఫోన్ చేశాడు.

"కాకా, కూలరు తెస్తున్న. ఏడికి రావాలె?"

"ఇంటికి తాళమున్నది బిడ్డా" అన్నాడు అవతలి ఎల్లేశం. పెద్దవయసు గొంతు, మధ్యమధ్యలో తెగుతోంది. "ఆడోళ్లంత దవాఖానల ఉన్నరు. నా బిడ్డకు మొన్న కాన్పయింది. ఇయ్యాల పన్నెండింటికి తల్లినీ పిల్లనూ ఇంటికి తీస్కస్తరు. పసిగుడ్డు ఈ ఉడుకకు ఆగది, జర జల్ది రా. నేను బాయి కాడున్న. సక్కగ బాయి కాడికే రా, గేటు కాడ నిలవడ్త. ఆడికెల్లి ఎంబడొచ్చి ఇల్లు సూపెడ్త."

"ఏం ఫికరు పెట్టుకోకు కాకా. అర్ధగంటల బాయి కాడుంట."

ఆ వారంలో ఇంత సుళువైన అడ్రసు ఇంకొకటి రాలేదు. సెంటినరీ కాలనీ దాటాక బాయి ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. తాడు రెండుసార్లు లాగి చూసుకుని బండెక్కాడు. చాలా రోజుల తర్వాత ఈల వేశాడు కూడా.

పది దాటాక బాయి గేటు ముందు బండి ఆపాడు. గేటు దగ్గర ఎవరూ నిలబడి లేరు. ఫోన్ చేశాడు. కలవలేదు. మళ్లీ చేశాడు. కవరేజీ ఏరియాలో లేరని అమ్మాయి గొంతు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పింది. కాపలా ఉన్నాయన దగ్గరికి వెళ్లి ఎల్లేశం కావాలన్నాడు.

"ఏ ఎల్లేశం?"

"ఇంతకుముందే ఫోన్ల మాట్లాడిండన్న. గేటు కాడ ఉంట అన్నడు."

"ఫోన్ల ఇంటిపేరు కనవడ్తదా? మా తాన ఎల్లేశాలు ముగ్గురున్నరు. ముగ్గురూ ఫస్టు షిఫ్టే." కాపలాదారు కాసేపు ఆలోచించాడు. "ఒకాయన పైన దీపాలిచ్చే ల్యాంపు రూముల ఉండాలె గని, ఇయ్యాల మనిషి తక్కువైతె ఇంతకుముందే కిందికి దించిండ్రు. ఆయనే గావొచ్చు."

కిషన్‌కు లెక్క సరిగ్గా కుదిరింది. తొమ్మిదిన్నరకు పైన ఉన్నాడు కాబట్టి ఫోన్ ఎత్తాడు, తర్వాత దిగమన్నారు కాబట్టి దిగాడు. దిగినవాడికి ఫోన్ కలవదని ఈ ఊళ్లో చంటిపిల్లలకూ తెలుసు. ఇంకేం, షిఫ్టు ఎక్కేది మూడింటికి. అప్పటిదాకా ఆగాలి.

ఆగడం కష్టం కాదు, కిషన్‌కు అందులో వంశపారంపర్య అనుభవం ఉంది. కష్టమల్లా ఎండతోనే. పదకొండుకల్లా బండి రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. అట్టపెట్టెలో కూలరు, పెట్టె పక్కన ఉడికిపోతూ కిషన్. పన్నెండింటికి తల్లీబిడ్డా ఇంటికొస్తారన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా మళ్లీ ఫోన్ చేశాడు. ముప్పైసార్లు చేశాడో నలభైసార్లు చేశాడో, పదకొండున్నరకు ఆ ఫోన్ కూడా ప్రాణం విడిచింది. బండిలో ఉండాల్సిన చార్జరు వైరు మానేసిన డ్రైవర్ పట్టుకుపోయాడు. మనిషన్నవాడు పోతూ పోతూ వైరు కూడా వదలడా అని వాణ్ణి ఏడు తరాల దాకా తిట్టుకున్నాడు.

కాపలాదారు ఫోన్ అడిగి షాపుకు చెప్పొచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. చెబితే కామేశ్వరరావు ఏమంటాడు? వెనక్కి తెచ్చెయ్ అంటాడు. తెస్తే ఏడో రోజున సామాను తిరిగొచ్చినట్టే. ఇంకో మూడు గంటలు పళ్లు బిగబట్టి కూర్చుంటే మనిషి పైకొస్తాడు, సంతకం పెడతాడు, బండి తనదవుతుంది. కూర్చున్నాడు.

మూడింటికి షిఫ్టు ఎక్కింది. నెత్తి మీద టోపీలతో, మొహాల నిండా బొగ్గుతో మనుషులు గుంపులు గుంపులుగా బయటికొచ్చారు. కిషన్ గేటుకు అడ్డంగా నిలబడి కనపడ్డ ప్రతివాణ్ణీ నీ పేరు ఎల్లేశమా అని అడిగాడు. మొదటి ఎల్లేశం పాతికేళ్లవాడు, వాళ్లింట్లో ఏసీ ఉందట. రెండో ఆయన తాను కొన్నది కూలరు కాదు, మిక్సీ అన్నాడు, అదీ నిరుడు. మూడో ఆయన కోసం కిషన్ ప్రాణాలు కళ్లలో పెట్టుకున్నాడు. ల్యాంపు రూములో పనిచేసే ఎల్లేశం అందరికంటే వెనకగా, నింపాదిగా వచ్చాడు.

"నేను ఏ కూలరూ కొనలే తమ్మీ" అన్నాడు ఆయన. కిషన్ మొహం చూసి ఆగాడు. "అసలు ఏమన్నడు ఆయన?"

"ఇంటికి తాళమున్నది, బిడ్డ కాన్పని ఆడోళ్లు దవాఖానల ఉన్నరు, నేను బాయి కాడున్న అన్నడు."

"బిడ్డ దవాఖానల ఉంటె డ్యూటీకెందుకొస్తడు? లీవు పెడ్తడు గద." ఆయన తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "యవుసం బాయేమో. అడిగినవా?"

యవుసం బాయి. వ్యవసాయ బావి. పొలంలో బావి ఉంటుందని, దాన్నీ బాయే అంటారని కిషన్‌కు తెలియక కాదు. పెళ్లిళ్లకు చావులకు తండ్రి ఊరికి పోయినప్పుడు ఆ మాట వందసార్లు విన్నాడు. కానీ ఫోన్‌లో బాయి అనగానే అతని కళ్ల ముందుకు వచ్చింది ఒక్కటే, ఆ ఒక్కదాని పక్కన ఇంకొకటి ఉండొచ్చని తోచనైనా తోచలేదు. తన బుర్రను తానే పట్టుకుని గేటుకేసి కొట్టాలనిపించింది.

షిఫ్టు ఎక్కే వేళకు తెరిచిన టీ కొట్టులో బతిమాలి ఫోన్ చార్జింగ్ పెట్టాడు. అది కళ్లు తెరవగానే షాపు నంబరు నుంచి పద్నాలుగు మిస్డ్ కాల్స్ వచ్చినట్టు చూపించింది. వాటిని చూడనట్టు నటించి ఎల్లేశానికి ఫోన్ చేశాడు. ఈసారి మొదటి రింగుకే ఎత్తి, ఊరి పేరు ఒక్కటి చెప్పి, రా నీ సంగతి చెప్త అని, మిగతాదంతా తిట్లతో నింపి పెట్టేశాడు. ఆ ఊరు బాయి గేటు నుంచి రెండు కిలోమీటర్లు.

ఇల్లు దొరకడానికి ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఎల్లేశం రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు, పంచె ఎగ్గట్టి.

"వచ్చినవా? పొద్దుగూకినంక రాకపోతివి! పదిగొట్టంగ రమ్మంటె నాలుగింటికి వస్తవా?"

"బాయి కాడికే పోయిన కాకా! పది గాంగనే పోయిన. ఐదు గంటలు ఎండల కూసున్న!"

"ఏ బాయి కాడికి పోయినవురా? నేను బాయి కాడనే ఉంటి. ఫోన్ కలుస్తలేదని రోడ్డు దాక నడుసుకుంట వచ్చి మీ సేటుకు ఫోన్ కొట్టిన!"

"బొగ్గు బాయి కాడికి పోయిన. యవుసం బాయి అని ఒక్క ముక్క చెప్తె ఏం పోయె?"

"బాయిని బాయి అనక ఏమంటరు? మా తాతల కాడికెల్లి ఆడ బాయున్నది. మీ బొగ్గు బాయిలు నిన్న మొన్న వచ్చినయ్!"

"గేటు కాడ నిలవడ్త అంటివి. యవుసం బాయికి గేటుంటదా ఏడన్న?"

"అడివి పందులు రాకుంట పెట్టిన. నీకు చెప్పి పెట్టాల్నా గేటు?"

ఇద్దరి గొంతులూ వీధిని లేపుతుంటే లోపలి నుంచి ఎల్లేశం భార్య సారక్క వచ్చింది. వేలు పెదాల మీద పెట్టి ఇద్దరినీ కసిరింది. అప్పుడు వినపడింది కిషన్‌కు, ఇంట్లో కూలరు తిరుగుతున్న చప్పుడు. తలుపులోంచి చూశాడు. అదే కంపెనీ, అదే సైజు. దాని ఎదుట మంచంలో పచ్చి బాలింత పడుకుని ఉంది, పక్కన గుడ్డలో చుట్టిన బిడ్డ.

"ఒంటిగంటకే ఇంకో పిలగాడు తెచ్చి పెట్టిండు బిడ్డా" అంది సారక్క. "నువ్వింకోటి ఎందుకు తెచ్చినవు?"

కిషన్ సిగ్గు విడిచి ఆఖరిసారి ప్రయత్నించాడు. "అవ్వా, దీన్ని గూడ ఉంచుకోండ్రి. అవతలి అర్రల పెట్టుకోవచ్చు. మంచి కూలరు. ఇది వాపస్ పోతె నా నౌకరి పోతది."

ఎల్లేశం కోపం దిగిపోయి బిత్తరపోయి చూశాడు. సారక్క చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. "ముందుగాల ఇవి తాగు బిడ్డా. ఉన్నది రెండర్రలు, ఒకటి వడ్లతోని నిండింది. రెండు కూలర్లు ఏం జేసుకుంటం?" అంది. ఆమె తప్పేమీ లేదు. ఆ మాటకొస్తే ఎల్లేశం తప్పూ లేదు. తప్పు ఎవరి మీదైనా వేయగలిగితే కిషన్‌కు కాస్త ఊపిరాడేది, వేయడానికి మనిషి దొరకలేదు.

ఐదున్నరకు గోడౌన్‌లో బండి పెట్టాడు. కూలరు అట్టపెట్టె అలాగే ఉంది, తాడు ముడి కూడా విప్పలేదు. ఆ ముడి మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

కామేశ్వరరావు అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఐదు గంటలు ఆ గేటు దగ్గర ఏం చేశావయ్యా?"

"మనిషి దిగిండనుకున్న సార్. దిగినోనికి ఫోన్ కలవదు. ఎక్కేదాక ఆగిన."

"దిగడమేంటి, ఎక్కడమేంటి? నాకర్థం కావడం లేదు. మధ్యాహ్నం ఆ పెద్దమనిషి ఫోన్ చేసి నానా మాటలూ అన్నాడు. నువ్వు ఎత్తవు. శ్యామ్‌ని పంపితే గంటన్నరలో పెట్టేసి వచ్చాడు. ఏరా శ్యామ్, ఎలా కనుక్కున్నావ్?"

శ్యామ్ ఇబ్బందిగా కదిలాడు. "బాయి దగ్గరికి రమ్మన్నాడండి. ఏ బాయండీ అని అడిగాను. మా ఇంట్లో ఆ మాట లేదు కదన్నా" అని కిషన్ వైపు తిరిగాడు. "అమ్మావాళ్లు నుయ్యి అంటారు, గనిని గని అంటారు. అందుకని బాయి అని ఎవరన్నా నేను ఎప్పుడూ అడుగుతాను."

"చూశావా? అదీ అనుభవం అంటే" అన్నాడు కామేశ్వరరావు.

కిషన్‌కు ఒళ్లు మండింది. అది అనుభవం కాదు. శ్యామ్‌కు ఆ మాట పరాయిది కాబట్టి అడిగాడు. తనకు సొంతది కాబట్టి అడగలేదు. ముప్పై ఏడేళ్లుగా నోట్లో నానిన మాట, ఎవడైనా అర్థం అడుగుతాడా? రెండేళ్లు కాదు, ఇరవై ఏళ్లు వ్యాన్ నడిపినా తాను ఆ ప్రశ్న వేసేవాడు కాదు. ఇదంతా ఎవరికి చెప్పాలి, చెబితే ఎవరికి కావాలి? జేబులోంచి తాళం తీసి టేబుల్ మీద పెట్టాడు. ఎంత గట్టిగా పెట్టాడంటే కామేశ్వరరావు టీ కప్పు ఎగిరి పడింది.

ఇంటికి నడిచే వచ్చాడు. వాకిట్లో ఆగయ్య నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. యమున నల్లా దగ్గర బిందె పట్టుకుంటోంది. మొహం చూసి ఆమెకు సగం అర్థమైంది, మిగతా సగం కిషన్ నిలబడే చెప్పేశాడు, గేటు, ముగ్గురు ఎల్లేశాలు, పందుల గేటు, రెండో కూలరు, అన్నీ. చెబుతుంటే తనకే నవ్వులాట కథలా ఉంది. ఆ కడుపుమంటకు గొంతు ఇంకా పెరిగింది. ఏడు రోజుల కష్టం ఒక్క మాటకు గంగలో కలిసిందని, ఇక ఈ జన్మకు ఎవడూ స్టీరింగ్ ముట్టుకోనివ్వడని, రేపటి నుంచి మళ్లీ ఊళ్లు పట్టుకుని తిరగాలని అరిచాడు. యమున బిందె నిండి పొంగిపోతున్నా చూసుకోలేదు.

ఆగయ్య అంతా విన్నాక మంచం మీద ముందుకు వంగాడు.

"మరి మనిషి తక్కువైతె ఒకాయనను దించిండ్రంటివి" అన్నాడు. "ఆయన పైకెక్కిండా? ముగ్గురూ ఎక్కిన్రా?"

కిషన్ తండ్రి వైపు చూశాడు. కొడుకు బతుకు ఏమైందని కాదు, ముక్కూ మొహం తెలియని ముగ్గురు మనుషులు పైకొచ్చారా లేదా అని అడుగుతున్నాడు ముసలాయన. అడిగి, జవాబు కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"ఎక్కిన్రు నాయినా! ముగ్గురూ మంచిగ ఎక్కిన్రు" అన్నాడు కిషన్. "నేనే దిగిన, బండి."

ఆగయ్య కొంచెం జరిగి మంచం మీద కొడుక్కి చోటిచ్చాడు.